రోజూ నడపడానికి ఆడి ఎస్4 కొనాలా, బీఎండబ్ల్యూ 340ఐ కొనాలా?

ప్రశ్న: అన్నా, రెండు సెకండ్‌హ్యాండ్ కార్ల మధ్య నలిగిపోతున్నాను. ఒకటి 2015 ఆడి ఎస్4, సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసే పంపు) ఉన్న వీ6 ఇంజిన్, ఏడు గేర్ల ఎస్ ట్రానిక్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. 92 వేల కిలోమీటర్లు తిరిగింది, ఇప్పుడున్నాయన మూడో ఓనర్, సర్వీస్ బిల్లులు కొన్నే ఉన్నాయి. రెండోది 2016 బీఎండబ్ల్యూ 340ఐ, ఆటోమేటిక్, వెనక చక్రాల డ్రైవ్. 1 లక్షా 8 వేలు తిరిగింది, మొదటి నుంచీ ఒక్కరి దగ్గరే ఉంది, ఫైలు మొత్తం ఉంది. ధర దాదాపు ఒకటే. రోజూ రానూపోనూ 45 కిలోమీటర్లు నడపాలి, అందులో సగానికి పైగా ట్రాఫిక్‌లో పాకడమే. నెలకోసారి లాంగ్ డ్రైవ్. వెనక సీట్లో మూడేళ్ల పాప. ఇంట్లో ఇదొక్కటే కారు. మనసంతా ఎస్4 మీదే ఉంది, ఆ సౌండూ, నాలుగు చక్రాలూ తిప్పే ఆ క్వాట్రో గ్రిప్పూ చూశాక నిద్ర పట్టలేదు. 340ఐకి కిలోమీటర్లు ఎక్కువని భయంగా ఉంది. ఏది తీసుకోమంటావు? పాత కార్లకు అమ్మే ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవచ్చా, దండగా?

సమాధానం: తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తాను, ఎందుకో తర్వాత చూద్దాం. నువ్వు రాసిన వాడకానికి 340ఐ తీసుకో. ఎస్4 చెత్త కారని కాదు, నన్నడిగితే ఆ తరం ఎస్4 అంత అందంగా, హుందాగా ఉండే స్పీడ్ సెడాన్లు తక్కువ. కానీ నువ్వు చూసిన ఆ ఒక్క ఎస్4, నీ దారి, నీ ఇంట్లో ఒకే కారు ఉండటం, ఈ మూడూ కలిపి చూస్తే అది నీకు సరిపోయే బండి కాదు.

కాగితం మీద ఈ రెండింటికీ తేడా భూతద్దం పెట్టి వెతుక్కోవాల్సిందే. ఎస్4 333 హార్స్‌పవర్, 340ఐ 326. 0 నుంచి 100 కిలోమీటర్ల వేగానికి ఒకటి 5.0 సెకన్లు, ఇంకొకటి 5.1. రెండింటినీ 250 దగ్గర కంప్యూటరే ఆపేస్తుంది. ఆఖరికి డిక్కీ కూడా రెండింటిదీ 480 లీటర్లే, పాప స్ట్రోలర్ దేంట్లోనైనా పడుతుంది. కాబట్టి రాత్రంతా కూర్చుని డ్రాగ్ రేస్ వీడియోలు చూసినా నీకు తేలేదేమీ ఉండదు. ఆ 5 సెకన్ల పరుగు నువ్వు నెలకో రెండు నెలలకో ఒకసారి చేస్తావు, అదీ రోడ్డు ఖాళీగా ఉండి, పాప కారులో లేకపోతే. మిగతా రోజుల్లో నీ కారు బతికేది 0 నుంచి 20 కిలోమీటర్ల మధ్య, మొదటి రెండు గేర్లలో. అక్కడ ఏది బాగుంటుందో చూసి కొనుక్కోవాలి. ఆ వేగంలో కారు ఎలా ఉంటుందనేది ఇంజిన్ కన్నా గేర్‌బాక్స్ మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

ఎస్4లో ఉన్న ఎస్ ట్రానిక్ డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్. నడిపేవాడికి ఆటోమేటిక్కే గానీ లోపల అది మాన్యువల్ గేర్‌బాక్స్‌కి దగ్గరి చుట్టం. 1, 3, 5, 7 గేర్లు ఒక క్లచ్ మీద, 2, 4, 6 ఇంకో క్లచ్ మీద ఉంటాయి, రెండింటినీ కంప్యూటర్ నడిపిస్తుంది. మూడో గేర్‌లో వెళ్తుండగానే నాలుగోది వేసి రెడీగా పెట్టుకుంటుంది, ఒక క్లచ్ వదలడం ఇంకోటి పట్టుకోవడం ఒకేసారి జరిగిపోతుంది కాబట్టి గేర్ మారినట్టే తెలియదు. టెస్ట్ డ్రైవ్‌లో నీకు నిద్ర లేకుండా చేసింది అదే అయ్యుంటుంది. ఇప్పుడు ట్రాఫిక్ ఊహించుకో. ముందు బండి రెండడుగులు కదిలింది, నువ్వు బ్రేక్ వదిలావు, నీ కారు కూడా రెండడుగులే కదలాలి. అంత తక్కువ వేగంలో క్లచ్ పూర్తిగా పట్టుకుంటే ఇంజిన్ ఆగిపోతుంది, పూర్తిగా వదిలేస్తే కారు కదలదు. అందుకని సగం పట్టుకుని రాసుకుంటూ ఉంటుంది, మాన్యువల్ కారును హాఫ్ క్లచ్ మీద పాకించినట్టే. ఇవి ఆయిల్లో మునిగి ఉండే క్లచ్‌లు కాబట్టి పొడి క్లచ్‌లంత త్వరగా మాడిపోవు, ఆ మేరకు ఆడికి మార్కులు వేయాల్సిందే. కానీ ఆ వేడి, ఆ అరిగిన పొడి ఎక్కడికీ పోవు, ఆ ఆయిల్లోనే తిరుగుతుంటాయి. అదే ఆయిల్ మెకట్రానిక్ యూనిట్‌లోకి కూడా వెళ్తుంది. వాల్వులు, సోలెనాయిడ్లు, సెన్సర్లు, వాటిని ఆడించే ఎలక్ట్రానిక్స్ అన్నీ ఒకే ముద్దగా గేర్‌బాక్స్ లోపల కూర్చునే భాగం అది. ఈ గేర్‌బాక్స్‌లో బయటపడే పెద్ద ఖర్చుల్లో ఎక్కువ దానివే.

అందుకే దీనికి సుమారు 60 వేల కిలోమీటర్లకోసారి ఆయిలూ ఫిల్టరూ మార్చి తీరాలి. 92 వేలు తిరిగిన కారుకు ఆ పని కనీసం ఒకసారైనా జరిగుండాలి, జరిగినట్టు బిల్లు ఉండాలి, ఆ బిల్లు మీద తేదీ, కిలోమీటర్లు, వాడిన ఆయిల్ పేరు ఉండాలి. 'మొన్ననే మార్పించామండీ' అని నోటితో చెప్పే మాట లెక్కలోకి రాదు. నువ్వు 'బిల్లులు కొన్నే ఉన్నాయి' అని రాశావు చూడు, నేను ఎస్4 వద్దనడానికి సగం కారణం ఆ ఒక్క ముక్కే.

340ఐలోది జర్మనీలో జెడ్‌ఎఫ్ అనే కంపెనీ చేసే ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, పాత పద్ధతి టార్క్ కన్వర్టర్ రకం. కదిలేటప్పుడు ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య పని చేసేది ఆయిలే, ఇటు వైపు చక్రం తిప్పిన ఆయిల్ అటు వైపు చక్రాన్ని తోస్తుంది. నువ్వు బ్రేక్ వదిలితే కారు మెత్తగా జారుకుంటూ ముందుకు వెళ్తుంది, మళ్లీ తొక్కితే ఆగుతుంది, అలా గంటసేపు పాకినా అరిగేది దాదాపు ఏమీ ఉండదు. గేర్లు మారే వేగంలో కూడా ఇది ఎస్ ట్రానిక్‌కి మరీ వెనకబడిందేమీ కాదు. ఒక సంగతి చెప్తాను, దీని మీద నా వాదన కన్నా ఇది గట్టిది: ఆడి వాళ్లే తర్వాతి తరం ఎస్4కి వచ్చేసరికి ఆ డ్యూయల్ క్లచ్ తీసేసి ఎనిమిది గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ పెట్టారు, సూపర్‌ఛార్జర్ తీసి టర్బో పెట్టారు. అంటే నువ్వు పక్కన పెట్టాలనుకుంటున్న 340ఐలో ఉన్న ఏర్పాటుకే వాళ్లూ చేరారు.

అయితే దీనికీ ఒక మెలిక ఉంది. ఈ గేర్‌బాక్స్ ఆయిల్ జీవితకాలం మార్చక్కర్లేదని బీఎండబ్ల్యూ అంటుంది. ఎవరి జీవితకాలమో మాత్రం చెప్పదు. దాన్ని తయారు చేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1 లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య మార్చమని చెప్తుంది. నీ కారు సరిగ్గా ఆ మధ్యలోనే ఉంది. ఫైల్లో ఈ పని కనపడకపోతే ధరలో ఆ మేరకు తగ్గించుకుని, కొన్న నెలలోపే చేయించు. చేయించేటప్పుడు గుర్తుంచుకో, కింద ఉండే ప్లాస్టిక్ పాన్‌లోనే ఫిల్టర్ అతికి ఉంటుంది, కాబట్టి పాన్ మొత్తం కొత్తది వేయాలి, ఆయిల్ లెవెల్ చూడాల్సింది ఇంజిన్ ఆన్‌లో పెట్టి, ఆయిల్ నిర్ణీత వేడికి వచ్చాక. స్కానర్ పెట్టి ఆ వేడి చూడకుండా 'పోసేశాం సార్' అనే షాపులో ఈ పని పెట్టుకోవద్దు.

ఇక టెస్ట్ డ్రైవ్. నువ్వు రెండింటినీ ఖాళీ రోడ్డు మీద తొక్కి చూసుంటావు. మళ్లీ వెళ్లు, ఈసారి రద్దీ వేళకి వెళ్లు. ముందే చెప్పు, నేనొచ్చేదాకా కారు స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు, వెచ్చగా ఉంటే ఎవరో నీకోసం ఇంజిన్ వేడి చేసి ఉంచారన్నమాట. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి మొదటి రెండు మూడు సెకన్లు ఏమీ మాట్లాడకుండా విను. గొలుసు లాగినట్టు గలగలమని వెనక వైపు నుంచి చప్పుడు వచ్చి ఆగిపోతే ఇంజిన్ లోపలి టైమింగ్ చైన్‌ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ గురించి ఆలోచించాలి. ఈ రెండు ఇంజిన్లకూ చైన్ ఉండేది గేర్‌బాక్స్ వైపే, అంటే దాన్ని ముట్టుకోవాలంటే ఇంజినో గేర్‌బాక్సో దింపాలి. ఈ గొడవ 340ఐలో అరుదు, ఎస్4 తరం వీ6లో వినపడుతూ ఉంటుంది.

తర్వాత గేర్ సెలెక్టర్ పార్క్ నుంచి డ్రైవ్‌కి, అక్కడి నుంచి రివర్స్‌కి మెల్లగా మార్చి చూడు. పట్టుకోవడానికి ఆలస్యమైనా, వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించినా గుర్తు పెట్టుకో. కాస్త ఎత్తున్న ర్యాంప్ చూసుకుని, యాక్సిలరేటర్ మీద కాలు ఆనించీ ఆనించకుండా రివర్స్‌లో ఎక్కించు. డ్యూయల్ క్లచ్‌లో అరుగుదల ఉంటే వణుకు ఇక్కడ బయటపడుతుంది. ఆ తర్వాత ఓ అరగంట ట్రాఫిక్‌లో నడుపు. వేడెక్కాక, సిగ్నల్ దగ్గరికి నెమ్మదిగా వచ్చి ఆగబోయే ముందు రెండు నుంచి ఒకటికి దిగేటప్పుడు 'ఠక్' అని కుదుపు వస్తుందేమో చూడు. ఇది ఎస్4లోనే కాదు, 340ఐలో కూడా చూడాలి. ఆయిల్ పాతబడిన జెడ్‌ఎఫ్ బాక్స్ కూడా అక్కడే దొరికిపోతుంది. అమ్మేవాడు పక్కన కూర్చుని పాటలు పెట్టి కబుర్లు చెప్తుంటే పాటలు ఆపమని మర్యాదగా అడుగు, ఇందులో మొహమాటపడాల్సిందేమీ లేదు.

కిలోమీటర్ల భయం గురించి. 92 వేలకీ 1 లక్షా 8 వేలకీ మధ్య ఉన్న 16 వేలు ఈ వయసు కారులో అసలు తేడానే కాదు. ఆ కిలోమీటర్లు ఎలా తిరిగాయన్నది ముఖ్యం. రోజూ ఐదారు కిలోమీటర్లు వెళ్లి ఆగిపోయే కారులో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, ఆయిల్లోకి పెట్రోలూ తేమా చేరతాయి. హైవే మీద తిరిగిన 1 లక్ష కన్నా అలా తిరిగిన 60 వేలు ఇంజిన్‌ని ఎక్కువ అలసిపోయేలా చేస్తాయి. బిల్లుల మీద తేదీలూ కిలోమీటర్లూ పక్కపక్కన రాసుకుంటే ఏడాదికి ఎంత తిరిగిందో, ఎప్పుడు నెలల తరబడి కదలకుండా పడి ఉందో నీకే కనపడుతుంది. ఇంకోటి, ఇంజిన్ ఆయిల్ ఎన్నాళ్లకోసారి మార్చారో చూడు. కంపెనీలు రెండేళ్ల దాకా లాగొచ్చని చెప్పినా, ఏడాదికోసారి లేదా 10–12 వేల కిలోమీటర్లకోసారి మార్చిన వాడి కారే నాకు నచ్చుతుంది. అలాంటివాడు మిగతా పనుల్లోనూ బద్ధకించి ఉండడు. నీ 340ఐ ఫైల్లో ఇది ఉందో లేదో చూసి, లేకపోతే మళ్లీ నాకు రాయి, అప్పుడు నా మాట కాస్త మారొచ్చు.

ఇంజిన్ల విషయంలో రెండూ గట్టివే. ఎస్4లో సూపర్‌ఛార్జర్ రెండు వరుసల సిలిండర్ల మధ్య లోయలో కూర్చుంటుంది, బెల్ట్ మీద తిరుగుతుంది కాబట్టి కాలు పెట్టగానే జవాబిస్తుంది, ఆ సన్నటి ఈల లాంటి సౌండ్ కూడా దానిదే. ఇబ్బందేమిటంటే దాని కింద, ఇంజిన్ లోపల చేరే ఆవిర్లని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ వాల్వ్ ఉంటుంది, అది పోతే సూపర్‌ఛార్జర్ పైకి తీయాల్సిందే. పెట్రోల్ నేరుగా సిలిండర్లోకి పడే ఇంజిన్ కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకుంటుంది, దాన్ని శుభ్రం చేయాలన్నా అదే పని. తెలివైన ఓనర్ ఒకసారి సూపర్‌ఛార్జర్ తీసినప్పుడే పీసీవీ, థర్మోస్టాట్, వాల్వుల క్లీనింగ్ అన్నీ ఒకేసారి కానిచ్చేస్తాడు. అలాంటి బిల్లు ఒకటి కనపడితే ఆ ఎస్4 మీద నాకు గౌరవం పెరుగుతుంది. వాటర్ పంప్ కూడా దీని బలహీనతే. ఇంజిన్ ముందు భాగంలో టార్చ్ వేసి చూడు, కూలెంట్ కారి ఎండిపోతే గులాబీ రంగు పొట్టు కట్టి ఉంటుంది.

340ఐలోది బి58 అనే ఆరు సిలిండర్ల టర్బో, ఆరూ ఒకే వరుసలో. 2015లో 335ఐ స్థానంలో ఇది వచ్చింది. అప్పటి నుంచి దీనికి మంచి పేరే ఉంది. దీని టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 450 న్యూటన్ మీటర్లు, అదీ 1,380 ఆర్‌పీఎం నుంచే మొత్తం వచ్చేస్తుంది. ఎస్4కి 440, కానీ 2,900 దాటాక. ట్రాఫిక్‌లో కొంచెం సందు దొరికి ముందుకు దూరాలంటే 340ఐలో ఇంజిన్ గొంతు పెంచక్కర్లేదు. మరి ఇందులో చూడాల్సింది? వాల్వ్ కవర్, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ దగ్గర లీకులు. వయసు మీద పడేకొద్దీ రబ్బరు గ్యాస్కెట్లు గట్టిపడి చెమ్మ పట్టడం మొదలవుతుంది. ఆ ఆయిల్ బెల్ట్ మీద పడితే బెల్ట్ కూడా పోతుంది, అందుకే చిన్న లీకే కదా అని వదిలేయొద్దు. కాలిన ఆయిల్ వాసన ఏసీ లోంచి వస్తుందేమో చూడు, డ్రైవ్ అయిపోయి కారు ఆపాక ఒక నిమిషం అలాగే కూర్చుంటే తెలుస్తుంది. 340ఐ అని చెప్పి ఎవరైనా 335ఐ అంటగట్టబోతే మాత్రం అది వేరే ఇంజిన్, దాని ఎలక్ట్రిక్ వాటర్ పంప్ పెద్దగా హెచ్చరిక లేకుండానే చేతులెత్తేస్తుంది. ఇంజిన్ నంబరూ ఛాసిస్ నంబరూ చూసుకునే కొను.

క్వాట్రో మీద నీ మోజు అర్థమవుతుంది. జోరు వానలో, జారే రోడ్డు మీద మలుపులో యాక్సిలరేటర్ తొక్కినా ఎస్4 కిక్కురుమనకుండా లాక్కెళ్తుంది, అక్కడ దానికి తిరుగులేదు. నువ్వుండే చోట ఏటా మంచు పడుతుంటేనో, ఇంటికి వెళ్లే దారి నిటారుగా ఉండి తడిగా జారుతుంటేనో నేను వేరేలా మాట్లాడేవాణ్ని. అప్పుడు కూడా ఎస్4 కన్నా ముందు 340ఐ ఎక్స్‌డ్రైవ్ వెతకమనేవాణ్ని, అది కూడా నాలుగు చక్రాల డ్రైవే. బ్రేకు వేసినప్పుడు మాత్రం నాలుగు చక్రాల డ్రైవ్ వల్ల ఒరిగేదేమీ లేదు, అప్పుడు కాపాడేది టైర్లే. వెనక చక్రాల 340ఐని తిట్టేవాళ్లలో చాలామంది నడిపేది టైర్లు గట్టిపడిపోయిన కారు. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. రబ్బరు ఎంత మిగిలిందని కాకుండా ఆ వయసు ఎంతని కూడా చూడు.

టైర్ల లెక్క రెండు కార్లకూ వేరు. ఎస్4లో నాలుగూ ఒకే కంపెనీవి, దాదాపు ఒకే అరుగుదల ఉన్నవి ఉండాలి, లేకపోతే ముందు, వెనక చక్రాలకు బలం పంచే సెంటర్ డిఫరెన్షియల్ మీద భారం పడుతూనే ఉంటుంది. ఒక టైరు కోసుకుపోతే కొన్నిసార్లు నాలుగూ మార్చాల్సి వస్తుంది. 340ఐలో ఎం స్పోర్ట్ చక్రాలుంటే వెనకవి ముందువాటి కన్నా వెడల్పు, కాబట్టి ముందూ వెనకా మార్చుకోవడం కుదరదు, వెనకవి ముందు అరుగుతాయి. ఇంకో చిరాకు కూడా ఉంది, 340ఐకి సాధారణంగా రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంత దూరం నడిచేవి) వస్తాయి, వాటి గోడలు గట్టిగా ఉండటంతో చిన్న గుంత కూడా నడుముకి తెలుస్తుంది, పాప నిద్ర లేస్తుంది. అవి అరిగాక మామూలు టైర్లు వేసుకుంటే కారు మెత్తబడుతుంది, కానీ స్టెప్నీ ఉండదు కాబట్టి పంక్చర్ కిట్టూ చిన్న ఎయిర్ పంపూ డిక్కీలో పడేసుకోవాలి.

సస్పెన్షన్ దగ్గర ఆడి కాస్త ఖర్చు పెట్టిస్తుంది. ఇంజిన్‌లో చాలా భాగం ముందు చక్రాల ఇరుసు కన్నా ముందుకు ఉంటుంది, పైగా కారు 340ఐ కన్నా 100 కిలోలకు పైగా బరువు, ఆ బరువంతా ముక్కు మీదే. ఒక్కో ముందు చక్రానికి నాలుగేసి ఆర్మ్‌లు, వాటి బుష్‌లు అరిగితే స్పీడ్ బ్రేకర్ మీద నెమ్మదిగా వెళ్లినా 'టక టక' మంటుంది. ఆర్మ్‌లు మార్చడం పెద్ద పని కాదు గానీ, పైన రెండు ఆర్మ్‌లను పట్టుకునే పొడవాటి పించ్ బోల్ట్ ఒకటి ఉంటుంది, అది అల్యూమినియం లోపల తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. గంటలో అయ్యే పని ఆ బోల్ట్ ఊడకపోతే పూటంతా పడుతుంది, లేబర్ బిల్లు కూడా అలాగే పెరుగుతుంది. మెకానిక్ కారుని లిఫ్ట్ ఎక్కించినప్పుడు ఆ బోల్ట్ వంక ఒకసారి చూడమను.

పెట్రోల్ గురించి రెండు ముక్కలు. యూరప్ అధికారిక లెక్కల్లో 100 కిలోమీటర్లకు ఎస్4 8 లీటర్ల పైన, 340ఐ 7 లోపు. నీ ట్రాఫిక్‌లో రెండూ అంతకన్నా బాగా ఎక్కువే తాగుతాయి, కానీ ఆ తేడా మాత్రం ఎంతో కొంత ఉంటుంది. రెండింటికీ ఎక్కువ ఆక్టేన్ పెట్రోలే పోయాలి.

ట్యూనింగ్ విషయం మర్చిపోవద్దు, ఈ రెండు ఇంజిన్లతో అసలు ప్రమాదం అక్కడే ఉంది. లాప్‌టాప్ పెట్టి సాఫ్ట్‌వేర్ మారిస్తే చాలు పవర్ బాగా పెరిగిపోతుంది, ఎస్4కైతే సూపర్‌ఛార్జర్ ఇంకా వేగంగా తిరిగేలా చిన్న పుల్లీ కూడా వేస్తారు. అమ్మే ముందు అన్నీ తీసేసి మామూలుగా మార్చేస్తారు. మూడు చేతులు మారిన స్పీడ్ కారులో ఎవరో ఒకరు ఆ సరదా తీర్చుకుని ఉండే అవకాశం ఎక్కువ. ఇన్‌టేక్ పైపుల క్లిప్పులు మిగతావాటి కన్నా కొత్తగా మెరుస్తున్నాయా, స్క్రూల తలలు చెక్కుకుపోయాయా చూడు. ఆడి షోరూమ్ వాళ్లు తమ సిస్టంలో ఛాసిస్ నంబర్ కొడితే ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చినట్టు 'టీడీ1' అనే గుర్తు పడి ఉంటే కనపడుతుంది. గుర్తు లేనంత మాత్రాన మార్చలేదని కాదు, ఉంటే మాత్రం ఇంకేం మాట్లాడకుండా వచ్చేయ్.

కొనే ముందు ఏ కారైనా సరే, అమ్మేవాడికి సంబంధం లేని, ఈ బ్రాండ్ల మీదే పని చేసే వర్క్‌షాప్‌లో చూపించు. లిఫ్ట్ ఎక్కించి కింద కవర్ విప్పి చూడాలి, స్కాన్ చేస్తే ఇంజిన్ ఒక్కటే కాకుండా గేర్‌బాక్స్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ అన్ని మాడ్యూళ్లూ చదవాలి. ఫాల్ట్ కోడ్‌లు నిన్ననే చెరిపేసినట్టు ఉంటే అది కూడా ఒక జవాబే. అమ్మేవాడు 'ఇప్పుడే కదా సర్వీస్ చేయించాం, మళ్లీ ఎందుకు' అని నసిగితే అక్కడితో ఆపెయ్, ఇంకో కారు దొరుకుతుంది. చేతిలో ఉన్న డబ్బంతా కారుకే పెట్టొద్దు, కారు ధరలో కనీసం పదో వంతు మొదటి ఏడాది పనులకని పక్కన ఉంచు. ఇంట్లో ఇదొక్కటే కారు అన్నావు కదా, పార్ట్ రావడానికి వారం పడితే ఆ వారం పాపని ఎలా తీసుకెళ్తావో కూడా ఇప్పుడే అనుకో.

మరి ఎస్4 ఎప్పుడు తీసుకోవచ్చు? ఇంట్లో రోజువారీకి ఇంకో బండి ఉండి, నీ దారిలో సగానికి పైగా హైవే ఉండి, గేర్‌బాక్స్ ఆయిల్ బిల్లులూ సూపర్‌ఛార్జర్ కింద పనుల బిల్లులూ ఉన్న ఎస్4 దొరికితే, కళ్లు మూసుకుని తీసుకో అని నేనే చెప్తాను. దానికి ఆరు గేర్ల మాన్యువల్ కూడా వచ్చింది, అదే దొరికితే ఈ గేర్‌బాక్స్ గొడవలో సగం ఉండదు, కాకపోతే ట్రాఫిక్‌లో నీ ఎడమకాలు నీదే.

ఆఖరున వారంటీ. దండగా కాదా అన్నది ధర చూసి తేలదు, కాగితం చదివితే తేలుతుంది. 'గేర్‌బాక్స్ కవర్ అవుతుంది' అని రాసి ఉన్నంత మాత్రాన సంబరపడొద్దు, చాలా వాటిల్లో మెకట్రానిక్ యూనిట్, టర్బో, వాటర్ పంప్, గ్యాస్కెట్ లీకులు పేరు పెట్టి మరీ మినహాయిస్తారు, క్లచ్‌లను అరిగే వస్తువులని చెప్పి తప్పించేస్తారు. ఒక్కో క్లెయిమ్‌కి గరిష్ఠంగా ఎంత ఇస్తారు, రిపేర్ మనకు నచ్చిన చోట చేయించుకోవచ్చా, సర్వీస్ ఒక్క నెల ఆలస్యమైతే రద్దవుతుందా, కొన్న మొదటి నెలల్లో క్లెయిమ్ చేయనిస్తారా, ఈ నాలుగూ అడిగి, జవాబు నోటితో కాకుండా ఈమెయిల్లో తెప్పించుకో. 340ఐకి టర్బో, గేర్‌బాక్స్ రెండూ పేరు పెట్టి కవర్ చేస్తున్నారంటే తీసుకో. అవి లేవంటే ఆ డబ్బు తీసుకెళ్లి గేర్‌బాక్స్ ఆయిలూ, మంచి టైర్లూ వేయించు.